వేలిముద్ర వెనుక యంత్రాల పొత్తు

నెల మొదటి రోజులలో మన గోదావరి జిల్లాల పల్లెలలో చౌకడిపోల ముందు జనం వరుస కడతారు. వంతు వచ్చిన ఇల్లాలు కార్డు నంబరు చెప్పి, ఈపాస్ యంత్రంపై వేలు ఆనిస్తుంది. కొన్ని క్షణాలు గడుస్తవి. యంత్రం ఔనన్నచో డీలరు బియ్యం తూస్తాడు. కాదన్నచో వేలు తుడుచుకొని మరల పెట్టుమంటాడు. ఆ కొన్ని క్షణాలలో ఆ వేలిముద్ర ఎంత దూరం పోయి వచ్చినది? దానికి జవాబు చెప్పిన యంత్రాలు ఏవి? అవి ఒకదానితో ఒకటి ఎట్లు పొత్తు కుదుర్చుకొన్నవి? ఆ జవాబు మీద ఒక ఇంటి పొయ్యి ఆధారపడి ఉన్నది గనుక, ఈ సంగతి ఇంజనీర్లతో పాటు మనమందరమూ కొంత తెలుసుకొనదగినది.

ఈ పద్ధతి మన ప్రాంతానికి ముందుగానే వచ్చినది. 2012లో, నాటి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలోని కొన్ని దుకాణాలలో, ఆధార్ వేలిముద్రతో సరకులు ఇచ్చే ప్రయోగం ఆరంభించినారు. 2015 నుండి ఈపాస్ యంత్రాలు ఆంధ్రప్రదేశ్‌లోని ఇతర జిల్లాలకు విస్తరించినవి.

వేలిముద్ర పోయి చేరేది ఆధార్ సంస్థ కేంద్రాలకు. అట్టి కేంద్రాలు రెండు. ఒకటి బెంగుళూరులో, ఒకటి హర్యానాలోని మానేసర్‌లో కలవు. ఆధార్ సంస్థ 2009లో ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో తొలి సంఖ్యలు ఇచ్చినారు. 2016 ఏప్రిల్ నాటికి వాటి లెక్క 100 కోట్లు దాటినది. ఇందులోని కష్టం ఊహించండి. ఒక మనిషికి రెండు సంఖ్యలు రాకుండవలెనన్నచో, కొత్తగా చేరిన ప్రతివారిని అంతకు ముందు చేరిన అందరితోనూ పోల్చి చూడవలెను. అప్పటికే 60 కోట్ల మంది ఉండి, ఒక్క రోజున 10 లక్షల మంది కొత్తవారు వచ్చినారనుకొందాం. ఆ ఒక్క రోజుకు కావలసిన పోలికలు 600 లక్షల కోట్లు.

ఇంత పనికి ఒక మహాయంత్రాన్ని కొనవచ్చును గదా అని తోచవచ్చును. కాని అట్టి యంత్రం ఖరీదు అపారం. అది ఆగిపోయిన రోజున పని అంతా ఆగిపోతుంది. అందువలన ఇంజనీర్లు మరియొక మార్గం పట్టినారు. సామాన్యమైన యంత్రాలను వందలు, వేలుగా చేర్చి, పనిని ముక్కలు చేసి, తలా ఒక ముక్క అప్పగించడమే ఆ మార్గం. దీనిని వితరణ పద్ధతి అనవచ్చును.

డెల్టావాసులకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని ఒకే కాలువకు అప్పగించలేదు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం వద్ద, మధ్య డెల్టాకు బొబ్బర్లంక వద్ద, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం వద్ద వేరువేరు తలతూములు ఉన్నవి. ఒక కాలువకు గండి పడినచో ఆ వైపు తలుపులు దించుతారు. తక్కిన రెండు వైపులా నీరు పారుతూనే ఉంటుంది.

ఐతే యంత్రాలకు కాలువలకు లేని చిక్కులు రెండు ఉన్నవి. మొదటిది, వేల యంత్రాలున్న చోట ఏదో ఒకటి పాడుకావడం నిత్యకృత్యం. రెండవది, పాడుకాగా మిగిలిన యంత్రాలన్నీ ఒకే మాట చెప్పవలెను. ఒక యంత్రం ఈమెకు బియ్యం ఇచ్చినామనీ, మరియొకటి ఇంకా ఇవ్వలేదనీ అన్నచో లెక్క చెడుతుంది.

ఈ చిక్కులను తీర్చే పనిముట్లు కొన్ని ప్రపంచమందరికీ ఉచితంగా లభిస్తున్నవి. వాటిలో పేరుపడినది హడూప్. 2003లోనూ, 2004లోనూ గూగుల్ సంస్థ పరిశోధకులు తమ పద్ధతిని వివరించే రెండు వ్యాసాలు ప్రకటించినారు. ప్రోగ్రామును మాత్రం బయట పెట్టలేదు. ఆ వ్యాసాలను చదివి డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు అదే రీతి ప్రోగ్రాము స్వయంగా వ్రాసినారు. 2006లో దానికి హడూప్ అని నామకరణం జరిగినది. అది కటింగ్ గారి చిన్న కుమారుడు తన ఏనుగు బొమ్మకు పెట్టుకొన్న పేరు.

హడూప్ పని చేసే తీరు సులభంగానే బోధపడుతుంది. దాచవలసిన సమాచారాన్ని అది పెద్ద ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ సాధారణంగా మూడు ప్రతులు తీసి, వేరువేరు యంత్రాలలో ఉంచుతుంది. ప్రతి యంత్రమూ మూడు సెకండ్లకు ఒకసారి తాను బ్రతికి ఉన్నానని పెద్ద యంత్రానికి కబురు పంపుతుంది. దాదాపు పది నిమిషాల పాటు కబురు రానిచో, ఆ యంత్రం పోయినట్లు ఎంచి, దానిలోని ముక్కలకు మరల కొత్త ప్రతులు తీయిస్తుంది. మనిషి నిద్ర లేచి చూచేసరికి పని చక్కబడి ఉంటుంది.

ఒకే మాట మీద నిలిపే పనికి జూకీపర్ అనే పనిముట్టు ఉన్నది. అది పంచాయితీ వంటిది. ఐదు యంత్రాలను కూర్చోబెట్టినారనుకొందాం. మూడు అంగీకరించినదే తీర్మానం. రెండు పాడైనా పంచాయితీ నడుస్తుంది. మూడు పాడైనచో తప్పుడు తీర్మానం చేయడం కన్న మౌనమే మేలని ఊరకుంటుంది.

వీటిని ఓపెన్ సోర్సు పనిముట్లు అంటారు. ప్రోగ్రాము మూలపాఠం అందరి ఎదుటా ఉంటుంది; ఎవరైనా చదువవచ్చును, మార్చవచ్చును, తమ పనికి వాడుకొనవచ్చును. 1999లో ఏర్పడిన అపాచీ సంస్థ ఇట్టి వాటిని అనేకం పోషిస్తున్నది. హడూప్, జూకీపర్ దాని నీడలోనివే. ఆధార్‌ను నిర్మించినవారు ఇట్టి పనిముట్లనే విరివిగా వాడినారు. లైనక్స్, హడూప్, హెచ్‌బేస్, మైఎస్‌క్యూఎల్, రాబిట్‌ఎంక్యూ మొదలైనవి అందులో ఉన్నవి. దీనివలన యంత్రాలు ఏ కంపెనీ వద్దనైనా కొనవచ్చును. ఒక్క వర్తకుని దయ మీద దేశం ఆధారపడనక్కర లేదు.

ఐతే ఒక భేదం గమనించవలెను. ఇటుక అందరిదైనంత మాత్రాన ఇల్లు అందరిదీ కాదు. ఆ పనిముట్లతో ఆధార్ సంస్థ కట్టుకొన్న సొంత ప్రోగ్రాము బహిరంగం కాలేదు. వేలిముద్రలను పోల్చి చూచే భాగాన్ని ప్రైవేటు కంపెనీల నుండి తీసుకొన్నారు. పనిముట్టును పరీక్షించే అవకాశం లోకానికి ఉన్నది. వాటితో కట్టిన కట్టడాన్ని పరీక్షించే అవకాశం ఆ మేరకు లేదు.

ఇక అసలు చిక్కు కేంద్రంలో కన్న కాలువ చివర ఉన్నది. తలతూము వద్ద నీరు నిండుగా ఉన్నా శివారు భూములకు అందకపోవడం మన రైతులు ఎరిగినదే. అట్లే బెంగుళూరులో ప్రతి ముక్కకూ మూడు ప్రతులు ఉన్నా, పల్లెలోని దుకాణానికీ కేంద్రానికీ నడుమ ఉన్న సంబంధం సన్నని దారం వంటిది. గాలివాన వచ్చి టవరు పనిచేయనిచో దారం తెగుతుంది. నాట్లు వేసి, కోతలు కోసి అరిగిపోయిన వేలి గీతలను యంత్రం గుర్తించనిచో, దారం ఉన్నా ఫలితం లేదు.

దారం తెగినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను గూర్చి 2000లో ఎరిక్ బ్రూయర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం ప్రతిపాదించినాడు. 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ దానిని గణితరీత్యా నిరూపించినారు. దాని సారం ఇది: యంత్రాల మధ్య సంబంధం తెగినప్పుడు, తప్పు లేని జవాబు కొరకు వేచి ఉండవచ్చును, లేదా తెలిసినంతలో వెంటనే జవాబు చెప్పవచ్చును. రెండూ ఏకకాలంలో సాధ్యం కావు. ఎంత గొప్ప పనిముట్టైనా ఈ హద్దు దాటలేదు. రెండింటిలో ఏది ఎంచుకొనవలెనో నిర్ణయించవలసినవారు మనుష్యులే.

బ్యాంకులో పెద్ద మొత్తం చేతులు మారేటప్పుడు వేచి ఉండడం న్యాయం. బియ్యం విషయం వేరు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం సాధారణ లబ్ధిదారు కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. పొరపాటున ఒకరికి రెండుసార్లు ఇచ్చినచో ప్రభుత్వానికి కొన్ని కిలోల నష్టం. పొరపాటున ఒకరికి ఇవ్వనిచో ఆ ఇంట పస్తు. ఈ రెండు తప్పులూ ఒకే తూకానివి కావు. కనుక దారం తెగినప్పుడు గింజలు ఇచ్చి, లెక్క తరువాత సరిచూచుకొనడమే ఉచితం.

ఈ మాటకు ప్రమాణం కూడ ఉన్నది. వేలిముద్ర పడనివారికి గ్రామ రెవిన్యూ అధికారి తన వేలిముద్ర వేసి సరకు ఇప్పించే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో చేసినారు. యంత్రం గుర్తించలేదన్న కారణాన రేషను నిరాకరించరాదని 2017లో ఆధార్ సంస్థే తెలియజేసినది. 2018 సెప్టెంబరు 26న సుప్రీం కోర్టు ఇచ్చిన ఆధార్ తీర్పులో కూడ, గుర్తింపు విఫలమైనంత మాత్రాన అర్హులు సౌకర్యాలకు దూరం కారాదన్న భావం స్పష్టంగా ఉన్నది. మన గడపలలో వృద్ధులు ఉన్నచో, యంత్రం కాదన్న రోజున వారు ఊరకే తిరిగి రానక్కర లేదనీ, వేరు మార్గం చూపుమని అడిగే హక్కు వారికి ఉన్నదనీ చెప్పండి.

కాకినాడలోనూ, రాజమహేంద్రవరంలోనూ, భీమవరంలోనూ ఇంజనీరింగు చదువుతున్న యువకులకు, యువతులకు ఒక మాట. ఈ పనిముట్లు నేర్వడానికి పైకం అక్కరలేదు. మూడు పాత కంప్యూటర్లు తీగతో కలిపి, హడూప్ ఎక్కించి, అందులో ఒకదాని తీగ కావాలని పీకి చూడండి. మిగిలిన రెండూ ఏమి చేస్తున్నవో శ్రద్ధగా గమనించండి. ఆ తరువాత మీ ఊరి చౌకడిపో వద్దకు ఒకసారి పోయి, అక్కడ తీగ తెగినప్పుడు ఏమి జరుగుతున్నదో కూడ చూడండి. రేపు ఇట్టి యంత్రాల పొత్తును నిర్మించవలసినవారు మీరే గనుక, రెండవ పాఠమూ మీకు అవసరమే.