పడని మందు పేరు రాసుకోండి

(మహిళా సంఘం సమావేశంలో ఒక నర్సు మాటలు)



క్షయ అంటే మీకు తెలుసు. టీబీ అంటాం. మామూలు టీబీ 6 నెలలు మందులు మింగితే నయమవుతుంది. కొందరిలో మాత్రం క్రిములు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందులకు లొంగవు. అదే మొండి టీబీ. దానికి వేరే మందులున్నాయి. నాలుగు మందులతో 6 నెలల్లో ముగిసే చికిత్సకు మన దేశంలో 2024లో అనుమతి వచ్చింది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

అవి గట్టి మందులు. కొందరి ఒంటికి పడవు.

నేను చూసిన ఒక చెల్లెలి సంగతి చెబుతాను. మందులు మొదలైన వారానికి ఆమెకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. జ్వరం వచ్చింది. "అమ్మవారు పోసింది" అంది అత్తగారు. మంచం మీద వేపాకు పరిచారు. మందులు మాత్రం మింగుతూనే ఉంది. మూడో రోజుకు పెదాలు వాచాయి. ఊపిరాడలేదు. అప్పుడు ఆటోలో పెద్దాసుపత్రికి తెచ్చారు. అత్తగారిని నేను తప్పు పట్టను. దద్దుర్లు చూస్తే మనలో ఎవరికైనా ముందు అదే తోస్తుంది.

కాస్త దురద పెడితే మీ అంతట మీరు మందు మానకండి. ఆరోగ్య కార్యకర్తకు ఆ రోజే చెప్పండి. కానీ దద్దుర్లతో పాటు జ్వరం వచ్చినా, ముఖం వాచినా, నోట్లో, కళ్ళలో పుళ్ళు పడినా, చర్మం బొబ్బలెక్కి ఊడినా, ఆయాసం వచ్చినా ఇక ఒక్క మాత్ర కూడా మింగకండి. అర్ధరాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. మందుల అట్టలన్నీ వెంట తీసుకెళ్ళండి. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగితే పోతుంది" అని ఊరుకోవద్దు.

క్లోఫజిమిన్ అనే మందు వాడితే ఒళ్ళు నల్లబడుతుంది. అది పడకపోవడం కాదు. మందు ఆపాక మెల్లగా తగ్గుతుంది. రంగు పోయిందని చాటుగా మాత్రలు పారేసిన వాళ్ళను చూశాను. అలా చేయకండి.

ఆ చెల్లెలికి ముందు మందులన్నీ ఆపారు. దద్దుర్లు పూర్తిగా తగ్గాయి. తర్వాత ఒక్కొక్క మందే, కొంచెం కొంచెంగా ఇచ్చారు. డాక్టరు, నర్సు పక్కనే ఉండి చూశారు. మూడు మందులు పడ్డాయి. మాక్సిఫ్లాక్సాసిన్ ఇచ్చిన గంటకే మళ్ళీ దద్దుర్లు! దొంగ దొరికాడు. ఆ ఒక్కటి తీసేసి చికిత్స పూర్తి చేశారు. ఈ పరీక్ష ఇంట్లో చేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీకు తోచిన మాత్ర మాని మిగతావి మింగితే, క్రిములు వాటికి కూడా లొంగకుండా పోతాయి.

మందు పేరు నోరు తిరగదు. అట్ట మీద ఇంగ్లీషులో ఉంటుంది. నర్సమ్మను అడిగి తెలుగులో రాసుకోండి. ఆ చెల్లెలు కూడబలుక్కుంటూ రాసుకుంది: "నాకు మాక్సిఫ్లాక్సాసిన్ పడదు." ఆ కాగితం రేషను కార్డుతో పాటు దాచుకుంది.

ఏడాది తర్వాత ఆమెకు మూత్రంలో మంట వచ్చింది. ఊళ్ళో డాక్టరు ఆఫ్లాక్సాసిన్ రాయబోయాడు. అదీ ఆ జాతి మందే. ఆమె కాగితం చూపించింది. ఆయన చదివి వేరే మందు ఇచ్చాడు.