బీడీఎస్ సీటు: విజయవాడా, కడపా?

మీ బిడ్డకు నీట్ ర్యాంకు వచ్చింది. విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కళాశాలలు రెండింటిలోనూ సీటు వచ్చేలా ఉంది. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి? చాలా ఇళ్లలో ఊరి పేరు చూసి తేల్చేస్తారు. అది తొందరపాటు.

బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మూడో ఏడు నుంచి అసలు పని రోగుల దగ్గరే. పన్ను తీయడం, పిప్పి పన్ను నింపడం, కట్టుడు పళ్లు అమర్చడం పుస్తకం చదివితే రావు. చేస్తేనే వస్తాయి. అందుకే ముందు చూడాల్సింది రోగుల రద్దీ. అవును, రోగుల రద్దీయే.

ఉదయం ఓపీ వేళకు వెళ్లండి. చీటీల దగ్గర వరుస చూడండి. డెంటల్ కుర్చీలు అన్నీ పనిచేస్తున్నాయా? చివరి ఏడాది విద్యార్థులను అడగండి: కేసులు మీ చేతికి ఇస్తున్నారా, పక్కన నిలబెడుతున్నారా? ఈ జవాబుకే నేను ఎక్కువ విలువిస్తాను.

హాస్టల్, పరికరాల ఖర్చు కూడా కనుక్కోండి. ఇంటికి దూరమైతే బెంగ సహజమే. అయిదేళ్లు ఉండాల్సింది బిడ్డ కాబట్టి, తన మాట తప్పక వినండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఆప్షన్లు పెట్టే ముందే, బిడ్డను వెంటబెట్టుకుని రెండు చోట్లా ఓపీ చూసి రండి.