కరెంటు లేని దినాల్లో మా వంటిండ్లు

మేము కాణిపాకం నుంచి వచ్చినాము.

2021 నవంబరులో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో పడిన వాన మీకందరికీ గుర్తుంటుంది. కరెంటు పోతే చీకటికి ఎట్లో ఓర్చుకుంటాము. వాన నీళ్లు వాకిట్లో పారతా ఉంటే తాగను కడవ నీళ్లు లేకపోవడమే కష్టం. మోటారు ఆడితేనే కదా ట్యాంకు నిండేది!

మిక్సీ, గ్రైండరు మూలన పడినాయి. రోలు ఉండేది రెండు మూడు ఇండ్లలోనే. అందుకని ఒక ఇంట్లో కూడినాము. ఒకరు చెనక్కాయల ఊరిబిండి నూరితే, ఒకరు రాగిసంగటి కెలికినారు. మగవాళ్లను నీళ్లకు పంపినాము. కడవ మోసేది ఆడోళ్ల పని అని ఒకాయన సణిగినాడు. సంగటి ముద్ద దగ్గర మాత్రం ఆ మాట ఎత్తలేదు.

ఫ్రిజ్జు తలుపు తీయకుంటే చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఆ పైన అందులోని కూర, మాంసం పిల్లలకు పెట్టవద్దు. ఇన్సులిన్ వాడే పెద్దవాళ్ల మందును కవర్లో చుట్టి, తడి మట్టికుండలో పెట్టినాము.

అన్నిటికన్నా బాధ పాలది. పాలబండి రాలేదు. తోడుపెట్టి, వెన్న తీసి, నెయ్యి కాచినా పాలడబ్బు రాదు కదా. ఆ డబ్బుతోనే అప్పు కంతు కట్టే సభ్యులు ఉండారు. వాళ్ల కంతు గ్రూపు పొదుపులోంచి సర్దినాము, తర్వాత వాళ్లు తిరిగి కట్టినారు.

ట్యాంకు మోటారుకు జనరేటరు కావాలని ఇప్పుడు తీర్మానం రాసి సంతకాలు చేసినాము. బాడుగ ఎంతో కనుక్కొని వచ్చే సమావేశంలో చెప్తాము.