జీర్ణమార్గమందలి రాచపుండు

గ్రామపెద్దలారా!

నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రమించినవాడను. అయినను వ్యాధిని గూర్చి మాటాడుటకు నాకొక కారణము గలదు.

2016లో మా అన్నగారికి విరేచనమున నెత్తురు కానవచ్చెను. సిగ్గుచే నింటివారికి దాచి, నాకు మాత్రము చెప్పిరి. నాలుగు వైద్యశ్లోకములు వచ్చునన్న ధీమాతో నేను, "అన్నగారూ, ఇవి మొలలే. వేడి చేసినది, మజ్జిగ పుచ్చుకొనుడు" అంటిని. ఆ మాట నమ్మి యెనిమిది మాసములు గడపిరి. తుదకు పట్టణమున పరీక్షింపగా, పెద్దప్రేవున రాచపుండు, అనగా కాన్సరు, కాలేయము వరకు ప్రాకినదని తేలెను. అన్నగారు దక్కలేదు. నన్నొక్క మాటయు ననలేదు.

పిదప వైద్యుల నడిగి తెలిసికొన్నది మనవి చేసెదను. పెద్దప్రేవు కాన్సరు సాధారణముగా చిన్న పిలకవలె మొలచును. అది కాన్సరుగా మారుటకు తరచుగా పదియేండ్లు పట్టును. కొలనోస్కోపీ యను పరీక్షలో, మలద్వారము గుండ దీపముగల సన్నని గొట్టమును పంపి చూచెదరు. పిలక కనబడిన నప్పుడే తీసివేయవచ్చును.

అన్నవాహికలో పుట్టినచో మొదట ముద్ద దిగదు, తరువాత జావయు దిగదు. పొగాకు, మద్యము దానికి ముఖ్యహేతువులు. జీర్ణాశయమున పుట్టినచో కొంచెము తినగనే కడుపు నిండును, శరీరము చిక్కును, విరేచనము నల్లబడవచ్చును. ఇది పూర్వజన్మ పాపము కాదు. ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ అనువారు జీర్ణాశయమున హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవిని కనిపెట్టి, 2005లో నోబెల్ బహుమానమందిరి. ఆ జీవి కాన్సరుకును కారణమగునని 1994లోనే నిర్ణయింపబడినది. అది మందులతో నశించును.

నెత్తురు కనబడినంతనే కాన్సరని భయపడవలదు. పెక్కుమందికవి నిజముగా మొలలే. కాని యా మాట చెప్పవలసినవాడు పరీక్షించిన వైద్యుడు. నేను గాను, మీరును గారు. ఊరిలో నెవరికైన కష్టము వచ్చిన ముందుగా మీ యరుగు నొద్దకే వత్తురు. స్త్రీలైనచో నదియు చెప్పక దాచుదురు. వారిని మీ యింటి పెద్దముత్తైదువచే నడిగింపుడు. చిట్కా చెప్పి పంపకుడు. మరునాడే వెంటబెట్టుకొని యాసుపత్రికి గొనిపొండు. నేను చేయని పని యదియే.

సెలవు.