భూదేవి కాచిన వేన్నీళ్ళు

వేన్నీళ్ళు కాచడం మనకు కొత్త విద్యేం కాదు. మొన్నటిదాకా కట్టెల పొయ్యి మీద కాగు పెట్టాం, ఇప్పుడు గీజరు మీట నొక్కుతున్నాం. కాని కట్టె ఖర్చూ, కరెంటు బిల్లూ లేకుండా భూదేవి తానే కాచి ఇచ్చే వేన్నీళ్ళు కొన్ని ఉన్నాయి. ఈవేళ వాటి సంగతి చెప్పుకుందాం.

జర్మనీలో కొన్ని ఊళ్ళ పేర్లకు ముందు ‘బాద్’ అని ఉంటుంది. స్నానం అని దాని అర్థం. మన హైదరాబాదు చివర ఉన్న బాదుకూ దీనికీ చుట్టరికం లేదు సుమండీ! అక్కడ ఏ ఊరైనా ఆ మాటను ఊరికే తగిలించుకోవడానికి వీల్లేదు. నీటినీ, గాలినీ, వసతులనూ పరీక్షించి ప్రభుత్వం ఒప్పుకోవాలి. అలాంటి ఊళ్ళలో ఒకటి బాద్ బెర్ట్రిష్. చుట్టూ అడవి కొండలు, మధ్య లోయలో చిన్న ఏరు. ఊళ్ళో జనం వెయ్యిమంది, అటూ ఇటూ. నేలలోంచి 32 డిగ్రీల వెచ్చదనంతో నీళ్ళు ఊరుతుంటాయి. రోమనులు రెండువేల ఏళ్ళ నాడు మునిగినవీ ఆ నీళ్ళే.

ఇంత చిన్న ఊరు పరాయి ఊళ్ళవాళ్ళకు ఎలా వసతులు అమర్చగలుగుతోంది? ఆ దేశంలో ఇలాంటి ఊళ్ళలో బసచేసిన వారి దగ్గర రోజుకింత అని చిన్న రుసుము తీసుకుంటారు. ఆ సొమ్ము తోటలకూ, నడక దారులకూ, స్నానశాలలకూ ఖర్చవుతుంది. నీటిలో ఏ లవణం ఎంత ఉందో లెక్కగట్టి అందరికీ తెలియజేస్తారు. ఎవరు ఎంతసేపు మునగాలి, ఎన్ని గుక్కలు తాగాలి అన్నది వైద్యుడు చెబుతాడు.

జర్మనీ నీటి వైద్యం తెలుగువారికి కొత్త కాదు. లూయీ కూనే అనే జర్మను పెద్దమనిషి తొట్టిస్నానాల మీద రాసిన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతిశర్మగారు 1894లోనే తెలుగు చేశారు. మన దేశంలో ప్రకృతి చికిత్స వ్యాపించడానికి అదొక నాంది.

మరి మన వేడినీళ్ళు ఎక్కడున్నాయంటారా? మా తొర్రూరు నుంచి తూర్పుగా మహబూబాబాదు, ఇల్లెందు, కొత్తగూడెం దాటి వెళితే గోదావరి లోయ అడవులు వస్తాయి. భద్రాచలానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో గుండాల ఉంది. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్ళు ఊరతాయి. చలికాలంలో త్రిమూర్తులు అక్కడ స్నానం చేస్తారని స్థలపురాణం. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఈ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. రాముడి గుడి తెలంగాణలో, వేడినీటి గుండం ఆంధ్రలో!

మణుగూరు దగ్గరి పగిడేరులోనైతే బోరులోంచి వేడినీళ్ళు మోటారు లేకుండానే పైకి వస్తాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ ఇటీవల 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం కూడా పెట్టింది. మన దేశంలో ఇలా భూగర్భపు వేడి కనిపించే చోట్లు 381 ఉన్నాయని భూగర్భ సర్వే సంస్థ 2022 నాటి అట్లాసులో లెక్కతేల్చింది.

ఇందులో మాయేమీ లేదు. భూమిలోకి కిలోమీటరు దిగితే దాదాపు పాతిక ముప్ఫై డిగ్రీల వేడి పెరుగుతుంది. వాననీరు నెర్రెల వెంట లోతుకు ఇంకి, అక్కడ కాగి, మరో నెర్రె దొరికితే పైకి వస్తుంది. గోదావరి లోయలో నేల ఏనాడో పగిలి కుంగింది. సింగరేణి బొగ్గు పేరుకున్నదీ ఆ పల్లంలోనే.

మోకాళ్ళ నొప్పులతో బాధపడే అత్తగార్లనూ అమ్మలనూ అక్కడికి తీసుకుపోవాలని మనకు ఉంటుంది. వేడికి కండరాలు సడలి నొప్పి కొంత తగ్గే మాట నిజమే. అంతమాత్రాన కీళ్ళ జబ్బు కుదిరిపోదు, మందులు మానకూడదు. దిగేముందు మోచేతితో వేడి చూడండి. చక్కెర వ్యాధి వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి కాళ్ళు కాలినా తెలియదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారూ, గర్భిణులూ డాక్టరును అడగనిదే దిగవద్దు. పది నిమిషాలు చాలు. నెమ్మదిగా లేవాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి.

ఇక, తీర్థమని సీసాల్లో పట్టుకుపోయి పిల్లలకు తాగించకండి. భూమి లోతుల్లోంచి వచ్చే నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు. ఫ్లోరైడు నీళ్ళు ఎముకలను ఏం చేస్తాయో నల్లగొండ పల్లెలు మనకు ఏనాడో చూపించాయి. కాచినా అది పోదు.

చివరగా ఒక్క మాట. ఏటి ఒడ్డున స్నానం మగవారికి తువ్వాలుతో అయిపోతుంది. మనకు బట్టలు మార్చుకోను చాటు కావాలి, మరుగుదొడ్డి కావాలి. అవి లేనిచోట మోకాళ్ళు నొప్పెట్టే ఆడమనిషి గట్టుమీదే కూర్చుని సంచులకు కాపలా కాస్తుంది. ఎవరికోసం వెళ్ళామో ఆవిడే నీళ్ళు తాకకుండా తిరిగివస్తుంది! నాలుగు గోడల గదికీ, నీటి వేడీ లవణాలూ తెలిపే పలకకూ కోట్లు అక్కర్లేదు. మా తొర్రూరు కూడా 2018లో మున్సిపాలిటీ అయిన చిన్న ఊరే. బండి నిలిపినందుకు రుసుము కట్టమంటే కట్టేవాళ్ళం, చాటు గది కోసం పది రూపాయలు ఇవ్వమా? ఆ పదీ అక్కడి గూడెం ఆడవాళ్ళ చేతికే వెళ్ళి, గది శుభ్రం వాళ్ళే చూసుకునే ఏర్పాటుంటే వాళ్ళకూ నాలుగు రాళ్ళు దొరుకుతాయి.

ఈసారి మీ మహిళా మండలి భద్రాద్రి యాత్ర పెట్టుకుంటే, గోదావరి ఒడ్డున ఈ రెండు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పంచాయతీకి ఒక కార్డు ముక్క రాయండి. పదిమంది సంతకాలు పెట్టండి. నీళ్ళు కాచే పని భూదేవి చేసిపెట్టింది. చాటు కట్టుకునే పని మనది.