బడిమాట, ఇంటిమాట

భిన్న కుటుంబములనుండి, భిన్న ప్రాంతములనుండి వచ్చు విద్యార్థులకు పదములు నేర్పు విధానమును గూర్చి ప్రసంగింపుమని ఈ ఉపాధ్యాయసభ కార్యదర్శిగారు నన్ను కోరి, పర్యాయపదములు, నానార్థములు, నిఘంటువుల వినియోగము అను మూడంశములను ఆహ్వానపత్రికలో ముద్రించిరి. వానిని గూర్చి విన్నవించుకొందును.

పర్యాయపదము లనగానే స్మరింపవలసినవాడు అమరసింహుడు. మన పూర్వులు అతని నిఘంటువగు అమరము కంఠస్థము చేసిన పిమ్మటనే కావ్యములు పట్టెడివారు. ఆ మహనీయుడు దేవతల పేళ్లతో తృప్తిపడక, నాగలికిని, సాలె, కుమ్మరి, వడ్రంగి మొదలగు వృత్తులవారికిని గల నామములను గూడ శ్రద్ధతో కూర్చెను. నేడో, గైడు చూచి సూర్యునికి పది పేళ్లు వ్రాయు బాలునకు, తన యింటి పంచలోని మగ్గపు భాగముల పేళ్లు చెప్పు అవకాశము బడిలో లేదు. ఇది నాకు మిక్కిలి బాధాకరము.

ఇందాక తాము కప్పిన ఈ నేతశాలువ అంచును చూచుచుండగా, చీరాల ప్రాంతమున నేను పాఠము చెప్పిన యొక తరగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. మగ్గముపై నిలువుగా నుండు నూలు నేమందురని అడిగితిని. మొదటి వరుసలవారు మిన్నకుండిరి. ఏనాడును నోరు మెదపని యొక బాలుడు వెనుకనుండి లేచి, "అది పడుగండి మేష్టారూ! అడ్డంగా పోయేది పేకండి" అనెను. అంతటితో నాగక ముందుకు వచ్చి, నాడెలో కండె నమర్చు తీరును, తెగిన పోగును బొటనవ్రేలితో నలిపి అతుకు తీరును చేతులతో అభినయించి చూపెను. మఱునాడు కుమ్మరివారి బాలిక సారెను గూర్చి చెప్పెను; రైతుబిడ్డ గొఱ్ఱునకును గుంటకకును గల భేదమును నల్లబల్లపై గీచెను; తండ్రి బదిలీవలన కర్నూలునుండి వచ్చిన బాలుడు వేరుసెనగలను బుడ్డలనగా నవ్విన పిల్లలచేతనే ఆ మాటను పలకపై వ్రాయించితిని. కొన్నాళ్లకు పద్యపాఠమున 'తంతువు' వచ్చినప్పుడు, "పోగేనండీ" అని ఆ సాలెబాలుడే ముందుగా పలికెను. పిల్లవాడెఱిగిన మాటను మొదట సభకు రప్పించి, దాని ప్రక్కన గ్రంథపదమును కూర్చుండబెట్టుటకంటె మేలైన పద్ధతి నాకు కనబడలేదు.

ఈ మార్గమున మనకు గురుస్థానీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరపిల్లలకు చదువు చెప్పదలచిన ఆ పుణ్యాత్ములు ముందు తామే సవరభాష నేర్చిరి, ఆ భాషలో వాచకములు వ్రాసిరి, స్వంతధనముతో బడి నడిపిరి, నిఘంటువును నిర్మించిరి. నేడు ఆదిలాబాదు బడులలో గోండు పిల్లలు, తండాలలో లంబాడీ పిల్లలు, ఇటుక బట్టీలకు పనికై వచ్చిన ఒడియా కూలీల పిల్లలు మన యెదుట కూర్చుండగా, వారి యింటిమాట నొక్కటియైన నేర్వకయే తెలుగుపదములను వల్లె వేయించుట పంతులుగారి వారసులమగు మనకు తగదు.

ఇట్టి యింటిమాటలను కూర్చిన నిఘంటువులును మనకు కలవు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశమునకు శ్రీకారము చుట్టగా, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములను, 1971లో చేనేత పదములను సంపుటములుగా వెలువరించినది. పల్లెలకు పోయి వృత్తిజనుల నోటనే విని సేకరించిన పదములవి. ఎన్ని పాఠశాలలలో ఇవి కానవచ్చును? కొనిన పాఠశాలలలోనైనను బీరువాలో తాళము క్రిందనే యున్నవి.

నానార్థములను గూర్చి చెప్పవలసినది స్వల్పము: వాక్యమునందు తప్ప విడిగా నేర్పరాదు. నిఘంటువు విషయమై చెప్పవలసినది బీరువా ప్రసంగముననే వచ్చినది. వేళయైనదని కార్యదర్శిగారు సూచించుచున్నారు గనుక ఒక్క ప్రార్థనతో విరమింతును. వచ్చు విద్యాసంవత్సరమున తమ తరగతిలో నొక దళసరి నోటుపుస్తకమును తెఱచి, పిల్లలు ఇంటినుండి తెచ్చిన ప్రతి మాటను, తెచ్చినవారి పేరుతో, ఊరిపేరుతో వారిచేతనే వ్రాయింపుడు.