గురకను నవ్వి వదిలెయ్యొద్దు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య అంశం మీద చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇంతకుముందే విన్నాము. మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం. అందులో మేము గురక గురించి మాట్లాడతాము. అప్పుడే కొందరు నవ్వుతాండారు. నవ్వండి, ఫర్వాలేదు. ఎండాకాలం మిద్దెల మీద పడుకున్నప్పుడు ఎవరి గురక ఎన్ని ఇండ్లకు వినపడుతుందో మనకందరికీ తెలుసు. కానీ అన్ని గురకలూ ఒకటి కాదు. కొన్ని ఒట్టి శబ్దమే. కొన్ని మాత్రం లోపల ఊపిరి అందక వచ్చేవి. ఆ రెండో రకాన్ని ఎట్లా గుర్తుపట్టాలో చెప్పడానికే మేము నిలబడినాము.

ఈ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో ఊపిరి ఆగిపోవడం. నిద్రపోతే ఒళ్లు సడలినట్లే నాలుక మొదలు, గొంతులోని కండలు కూడా సడలుతాయి. కొందరికి అవి వెనక్కి జారి గాలి పోయే దారిని మూసేస్తాయి. మోటారు ఆడుతాంటుంది, పైపు మడత పడితే చేనికి నీళ్లు పోవు కదా, అట్లాగే రొమ్ము ఎగిసిపడుతుంది గాని గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు మెదడే మనిషిని లేపుతుంది. ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగి మళ్లీ నిద్రలోకి పోతారు. ఇట్లా 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఆగితే డాక్టర్లు ఒకటిగా లెక్కపెడతారు. గంటకు 5 సార్లు దాటితే జబ్బు ఉన్నట్లు, 30 దాటితే తీవ్రంగా ఉన్నట్లు. 30 సార్లంటే రెండు నిమిషాలకు ఒకసారి గొంతు పట్టుకున్నట్లే.

పొద్దున అడిగితే ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు. “నేను బాగా నిద్రపోయినానే” అంటారు. తెలిసేది పక్కన పడుకున్న వాళ్లకే. అందుకే ఈ మాట డాక్టర్ల కంటే ముందు మనం తెలుసుకోవాల.

“సింహాసనం”, “గ్యాంగ్ లీడర్” సినిమాల పాటలు మనమంతా విన్నవే. వాటికి సంగీతం ఇచ్చిన బప్పీ లహరి గారు 2022 ఫిబ్రవరి 15న ముంబైలో 69 ఏళ్ల వయసులో చనిపోయినారు. ఆయనకు వేరే జబ్బులూ ఉండినాయి గాని, మరణానికి కారణం ఈ స్లీప్ ఆప్నియానే అని వైద్యులు చెప్పినారు. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. గురకపెట్టే వాళ్లంతా చనిపోరు. అయితే ఈ జబ్బును ఏళ్ల తరబడి పట్టించుకోకుంటే బీపీ పెరుగుతుంది, షుగర్ అదుపులోకి రాదు, గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువవుతుంది.

రాత్రి పూట గుర్తులు ఇవి. గట్టి గురక మధ్యలో హఠాత్తుగా నిలిచిపోయి, కొంచెంసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవడం. గొంతు పట్టినట్లయి లేచి కూర్చోవడం. మాటిమాటికి ఒంటికి లేవడం. పొద్దున నోరు ఎండిపోవడం, తలనొప్పి. పగటి గుర్తులు కూర్చుంటే కునుకు, మతిమరుపు, ఊరికే చిరాకు.

ఎనిమిది ప్రశ్నలతో డాక్టర్లు ఒక అంచనా వేస్తారు. మీరూ రాసుకోండి. తలుపు వేసినా వినపడేంత గురక ఉందా? పగలు అలసట, నిద్రమత్తు ఉన్నాయా? ఊపిరి ఆగడం ఎవరైనా చూసినారా? బీపీ ఉందా? బరువు బాగా ఎక్కువా, అంటే ఐదడుగుల మనిషి 81 కిలోలు దాటినారా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత ఆడవాళ్లకు 16, మగవాళ్లకు 17 అంగుళాలు ఉందా? మగవారా? మెడ కొలవడానికి మన కుట్టుమిషను అక్కల టేపు చాలు. మూడింటికి అవును అని వస్తే డాక్టరుకు చూపించాల. అయితే సన్నగా ఉన్నవాళ్లకు రాదని అనుకోవద్దు. దవడ చిన్నగా ఉన్నా, గొంతులో గడ్డలు వాచినా వస్తుంది.

ఇప్పుడు మన సంగతి. ఆడవాళ్లలో చాలామందికి పెద్ద గురక ఉండకపోవచ్చు. నిద్ర పట్టకపోవడం, తెల్లారేసరికి ఒళ్లు బరువు, దిగులు, తలనొప్పి, ఇట్లా కనపడుతుంది. ముట్లు ఆగిపోయినాక ఇది ఎక్కువవుతుంది. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాల. నెలలు నిండుతున్న ఆడపిల్లకు కొత్తగా గురక మొదలై బీపీ కూడా పెరుగుతాంటే ఏఎన్ఎంకు తప్పకుండా చెప్పండి. ఇంట్లో మాత్రం ఆమెను ఏమంటారు? “సోమరిది, పొద్దెక్కినా లేవదు” అంటారు. రాత్రంతా ఊపిరి కోసం కొట్లాడిన మనిషిని సోమరి అనడం న్యాయమా?

పిల్లల్లో కూడా ఉంటుంది. నోరు తెరుచుకొని పడుకోవడం, గురక, పక్క తడపడం, బడిలో ధ్యాస లేకపోవడం కనపడితే టాన్సిల్స్ చూపించండి.

మన బనగానపల్లె చుట్టూ నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. బండల లారీలు తోలేవాళ్లు, కోత మిషన్ల దగ్గర నిలబడేవాళ్లు మన ఇండ్లలోనే ఉన్నారు. అక్కడ ఒక్క కునుకు ప్రాణం తీస్తుంది, తమదే కాదు, ఎదుటోళ్లది కూడా. “గురకకు ఆస్పత్రా?” అని మొగోళ్లు నవ్వుతారు. మాటతో గెలవలేము. ఆయనకు ముందే చెప్పి, నిద్రపోయినాక సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయండి. తన ఊపిరి ఆగడం తాను చూస్తే నవ్వడు. ఆ వీడియోనే డాక్టరుకు కూడా చూపించండి.

మొదట మన ఊరి సర్కారు ఆస్పత్రిలో బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. అక్కడి నుంచి నంద్యాలకో, కర్నూలు పెద్దాస్పత్రికో రాయించుకొని చెవి ముక్కు గొంతు డాక్టరును, ఊపిరితిత్తుల డాక్టరును కలవండి. రాత్రి నిద్రపోతుండగా వైర్లు అంటించి పరీక్ష చేస్తారు. నొప్పి ఉండదు. జబ్బు ఎక్కువగా ఉంటే సీప్యాప్ అనే మిషను ఇస్తారు. మాస్కు గుండా గాలి ఒత్తిడితో వచ్చి గొంతు మూసుకోకుండా ఆపుతుంది. 1980లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివన్ దీన్ని కనిపెట్టినాడు. ప్రతి రాత్రీ పెట్టుకుంటేనే ఫలం.

ఇంట్లో చేయగలిగినవి కూడా ఉన్నాయి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, సారాయి, సిగరెట్టు మానడం. డాక్టరు చెప్పకుండా నిద్రమాత్రలు అసలు వద్దు. అవి గొంతును ఇంకా సడలిస్తాయి.

మేము సమాఖ్యను అడిగేది రెండు. వచ్చే నెల నుంచి ప్రతి సంఘం మీటింగులో పొదుపు కట్టినాక ఈ ఎనిమిది ప్రశ్నలు ఒకసారి చదవాల. పరీక్షకు పోవాల్సిన సభ్యురాలు అప్పు అడిగితే “ఇదేం జబ్బు” అని వెనక్కి పంపకూడదు. గేదెకు, కుట్టుమిషనుకు అప్పిచ్చే మనం నిద్రకు, ఊపిరికి ఇవ్వలేమా?

ఈ పొద్దు ఇంటికి పోయినాక రాత్రి ఒక్క అయిదు నిమిషాలు మేలుకొని పక్కన పడుకున్న వాళ్ల ఊపిరి వినండి. మీ ఊపిరి వినమని కూడా ఇంట్లో ఒకరికి చెప్పండి. సెలవు.